వాక్యాల బేరగాడు

సంతాప సభలో పూర్వ విద్యార్థుల తరఫున రెండు మాటలు మాట్లాడమని ప్రిన్సిపాల్ మేడం ఫోన్ చేసినప్పుడు నేను బేగంబజార్‌లో టిఫిన్ డబ్బా బేరమాడుతున్నాను. సార్ పోయిన సంగతి మా బ్యాచ్ గ్రూపులో ముందే తెలిసింది. ఏడవడం కూడా అయిపోయింది. అందుకే మాట తడబడకుండా "సరే మేడం" అనగలిగాను. ఫోన్ పెట్టేసేలోపే బుర్రలో వాక్యం తయారైపోయింది: "సార్ ఎందరో విద్యార్థుల జీవితాల్లో వెలుగులు నింపారు." దాని వెనకే, పక్కన నిలబడి అన్నట్టు, ఆయన గొంతు వినిపించింది.

"ఎందరో అంటే ఎవరెవరు బిడ్డా? వెలుగంటే ఏం వెలుగు, ట్యూబ్‌లైటా?"

నాకు నవ్వాగలేదు. నడిబజారులో డబ్బా పట్టుకుని పకపకా నవ్వాను. తను చెప్పిన ధరకే నవ్వుతున్నాననుకున్నాడు దుకాణదారు. "గంతగనం నవ్వుడెందుకమ్మా, తగ్గిస్త తియ్యి" అన్నాడు. పోయాక కూడా సార్ నా తరఫున ఒక బేరం గెలిచారు.

ఇక సభ రోజు దాకా నాకు అదే ధ్యాస. సార్ గురించి ఒక్క వాక్యం కావాలి. ఆయన ఎంత బేరమాడినా నేను తగ్గించనక్కర్లేని వాక్యం అయ్యుండాలి. అది లేకుండా ఆ స్టేజీ ఎక్కితే ఆయన నాకు నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈ బేరమేమిటో చెప్పకపోతే సార్ ఎవరికీ అర్థం కారు. హుస్సేనీ ఆలంలోని మా డిగ్రీ కాలేజీలో ఆయన ఎకనామిక్స్ చెప్పేవారు. ఆఖరి ఏడాది ప్రాజెక్టులు ఆయన చేతి కిందే. ఒక విషయం ఎంచుకుని, పోయి చూసి, చూసింది రాయాలి. సార్ వాళ్లది బేగంబజార్‌లో తాతల నాటి గిన్నెల దుకాణం. అన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే తమ్ముడు పుస్తకాలు పట్టుకుని బయటపడ్డారు. మనిషి బయటపడ్డాడే కానీ దుకాణం ఆయనలోంచి బయటపడలేదు. కుర్చీ ఎంత మంచిదున్నా చెప్పులు కింద విడిచి, బల్ల ఎక్కి, బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. మోకాళ్లు నొప్పి పుడుతున్నా అదే కూర్చోవడం. స్టీలు గిన్నె కొనేవాళ్లు వేలి కణుపుతో టంగుమని తట్టి చూస్తారే, మా కాగితాలను ఆయన అట్లా తట్టేవారు. తట్టి చెవి దగ్గర పెట్టుకుని "పలుకుతలేదు" అనేవారు. కాగితం పలకడమేమిటని మేం నవ్వితే, ఆయన మాకంటే ఎక్కువ నవ్వి మళ్లీ తట్టేవారు.

మాది ఫోన్లలోకి ఏఐ వచ్చి కూర్చున్న బ్యాచ్. ప్రాజెక్టు ఇవ్వమనగానే అందరం ఫోన్‌కే ఇచ్చేశాం. సార్ ఆ కట్టంతా ముందేసుకుని చదివి, ఒక్కో పేజీకి ఒళ్లు ఊగిపోయేలా నవ్వారు. గాజుల మీద ప్రాజెక్టు రాసిన అమ్మాయికీ "బహుముఖ ప్రాధాన్యత" ఉంది, ఆటోల మీద రాసిన అబ్బాయికీ "బహుముఖ సవాళ్లు" ఉన్నాయి. పానీపూరీ బండ్ల మీద రాసిన మహానుభావుడు కూడా పానీపూరీకి "బహుముఖ సాంస్కృతిక పాత్ర" కట్టబెట్టాడు. సార్ కళ్లు తుడుచుకుంటూ "పానీపూరీకి ఒకటే ముఖం కద భాయ్, గా నీళ్లు పోసే బొక్క" అన్నారు.

మిగతా లెక్చరర్లు కంగారు పడ్డారు. ఒకాయన ప్రాజెక్టులన్నీ చేత్తోనే రాయాలని ఆర్డర్ వేశారు. పిల్లలు బుద్ధిగా ఫోన్ ముందు పెట్టుకుని చేత్తో రాసి, వేళ్లు వాచాయని జండూబామ్ రాసుకుంటూ వచ్చారు. తర్వాత ఎవరో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చారు. రాత ఇస్తే అది మనిషిదో మిషన్‌దో చెప్పేస్తుందన్నారు. సార్ అందరికంటే ముందు పోయి తన పాత పీహెచ్‌డీ థీసిస్‌లో ఒక చాప్టర్ దానికిచ్చారు. కంప్యూటర్ అంటే గది నిండా ఉండే బీరువా అనుకునే కాలంలో రాసిన థీసిస్ అది. సాఫ్ట్‌వేర్ ఏమాత్రం మొహమాటపడకుండా ఇది మిషన్ రాసిందే అంది. సార్ ఆ రోజు స్టాఫ్‌రూమ్‌కీ మా క్లాసుకీ జిలేబీలు పంచారు.

"నేను అప్పట్లనే మిషన్‌ను బిడ్డా. నా థీసిస్‌ల కూడ బహుముఖం ఉన్నది, ఇయ్యాల చూసిన. గిది నా దగ్గర్నే నేర్చుకున్నట్టున్నది" అన్నారు, పాకం అంటిన వేళ్లతోనే మా కాగితాలు తడుతూ.

మర్నాడు క్లాసులో గోడ మీద ప్రొజెక్టర్ వెలిగించి ఏఐని తెరిపించారు. టైపింగ్ ఒక అమ్మాయికి అప్పజెప్పి, తను బల్ల మీద సర్దుకుని కూర్చున్నారు. "బేగంబజార్‌ల రేట్లు పొద్దుగాల తక్కువనా, సాయంత్రం తక్కువనా, అడుగు" అన్నారు. ఏఐ కారణాలతో సహా ఉదయమే తక్కువ అంది. "తప్పు అను" అన్నారు సార్. ఏఐ వెంటనే క్షమాపణ చెప్పి, మీరు సరిగ్గా గుర్తించారు, సాయంత్రమే తక్కువ అని మళ్లీ కారణాలు ఇచ్చింది. "లేదు, ముందు చెప్పిందే కరెక్ట్ అను." మీ పరిశీలన చాలా విలువైనది, ఉదయమే, అంది ఏఐ. క్లాసంతా బెంచీలు చరిచి నవ్వుతుంటే సార్ బల్ల మీది నుంచి జారబోయి ప్రొజెక్టర్ వైరు పట్టుకుని నిలదొక్కుకున్నారు.

నవ్వు తగ్గాక అన్నారు: "చూసిండ్రా? సేటు లేనప్పుడు గల్లా మీద కూసున్న గుమాస్తా గిట్లనే చేస్తడు. ఒక్క మాటకే రేటు దించిండంటే సరుకు ఆయనది కాదన్నట్టు. గుమాస్తా లేకుంట దుకాణం నడుస్తదా అంటే నడవది. మూటలు మోయిపియ్యి, దుమ్ము దులిపియ్యి. గని గల్లా మీద నువ్వు కూసోవాలె."

ఆ రోజు నుంచి మా క్లాసులో ఏఐ పేరు గుమాస్తా. ఆ రోజు నుంచే బేరం మొదలైంది.

పద్ధతి సులువే. మనం నిలబడి మన ప్రాజెక్టులోంచి ఒక వాక్యం చదవాలి. అదే మన సరుకు. సార్ గిరాకీ, అంటే కొనడానికొచ్చిన మనిషి. ఆయన పెదవి విరుస్తారు, తడతారు, అది లేదు ఇది లేదంటారు. మన దగ్గర ఎంత సాక్ష్యం ఉందో అంతకు మాట తగ్గించుకుంటూ రావాలి. ఇక తగ్గనక్కర్లేదన్న చోట నిలబడాలి. నచ్చితే "కట్టియ్" అంటారు, పొట్లం కట్టమని. ఆ వాక్యం ప్రాజెక్టులో ఉంటుంది. లేకపోతే కొట్టేయాలి. క్లాసంతా బజారులాగే లొల్లి. వెనక బెంచీల వాళ్లు సార్ తరఫున ఒకసారి, మా తరఫున ఒకసారి ఎగదోసేవాళ్లు. పక్క క్లాసు మేడం తలుపు దగ్గరకొచ్చి, లోపల జరిగేది ఎకనామిక్సో వేలం పాటో తెలియక వెనక్కి పోయేది.

మొదట బోణీ చేసింది ఆటోల అబ్బాయి.

"ఆటోవాళ్లందరు ఫోన్ బుకింగుల వల్ల నష్టపోయిండ్రు సార్" అన్నాడు.

"అందర్ని నువ్వే అడిగినవా?"

"అందర్నంటే... మస్తుమందిని సార్."

"మస్తుమంది పేర్లు చెప్పు."

"మా బాపు సార్."

"గట్ల రా తొవ్వకు. బాపుకు ఎప్పుడు నష్టం, దినమంతనా?"

వాడు తల గోక్కున్నాడు. ఆలోచించాడు. నిజంగా ఆలోచించడం వాడి ముఖంలో మేం చూడడం అదే మొదలు. "పగటిపూట సార్. ఆఫీసులకు పోయేటోళ్లు ఫోన్‌లనే బుక్ చేసుకుంటరు. పొద్దుమీకితె పెళ్లిళ్లకు పోయేటోళ్లు మా బాపునే పిలుస్తరు."

"కట్టియ్" అన్నారు సార్, ముసిముసిగా. వాడు కప్పు గెలిచినట్టు క్లాసంతా ఒక చుట్టు తిరిగాడు. బహుముఖ సవాళ్లు పోయి వాళ్ల బాపు మిగిలాడు. ఆ వాక్యం ఇప్పటికీ నాకు గుర్తుంది.

బేరంలో ఆఖరి కిటుకు నేర్పించడానికి సార్ మమ్మల్ని వాళ్ల దుకాణానికే తీసుకుపోయారు. గిన్నెల గుట్టల మధ్య తెల్లటి పరుపు మీద పెద్దసేటు కూర్చున్నారు. ముఖం సార్‌దే, నవ్వు ఒక్కటే తక్కువ. మమ్మల్ని చూసి, "రాండ్రి. నేను గిన్నెలమ్ముత, నా తమ్ముడు గాలి అమ్ముతడు. పాపం మీరు కొంటున్నరు" అన్నారు. సార్ పడీపడీ నవ్వారు. ఆ మాట ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటేనట.

అప్పుడే ఒకామె పెద్ద గంజు బేరమాడి, కుదరక, కొంగు దులుపుకుని మెట్లు దిగి పోతోంది. పెద్దసేటు పిలవలేదు. కిళ్లీ నములుతూ పైన తిరిగే ఫ్యాను చూస్తూ కూర్చున్నారు. ఆగలేక నేనే అడిగాను, "పోతున్నది కద సేటు, పిలవరా?" అని.

"సరుకు అసలు ఖరీదు తెలిసినోడు పిలవడు బిడ్డా. పానం గుంజుతది. గుంజనీయాలె. పిలిచినవంటే ఎక్కువ చెప్పినవని నువ్వే ఒప్పుకున్నట్టు."

ఆమె బజారు మలుపు దాకా పోయి, తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు గంజు చంకనెత్తుకుంది. సార్ మా వైపు చూసి కనుబొమలెగరేశారు.

ఇక నా సంగతి. నా ప్రాజెక్టు బస్సు మీద. మాది ఛత్రినాక, మా నాన్న బస్సు డ్రైవరు. ఆడవాళ్లకు బస్సు టికెట్టు లేకుండా చేశాక మా గల్లీలో ఏం మారిందో చూడాలన్నది నా విషయం. గుమాస్తా రాసిచ్చిన మహిళా సాధికారత పేజీలను సార్ తట్టి వెనక్కిచ్చారు. "పో, బస్సెక్కు" అన్నారు. ఎక్కాను. ఆడవాళ్ల పక్కన కూర్చుని అడిగితే ఆస్పత్రికని, పనికని, పుట్టింటికని చెప్పారు. అవన్నీ గుమాస్తాకూ తెలుసు. ఒకరోజు కిటికీ పక్క సీట్లో మా అమ్మే కనిపించింది. ఎక్కడికమ్మా అంటే దొంగ దొరికినట్టు సిగ్గుపడింది.

"ఏడికి లేదే. ఊకెనే."

ఊరికే ఆఖరి స్టాపు దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగొస్తుందట. నాన్నకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఎదురింటామె కూడా అంతేనట, మా మేనత్త కూడా. వెతుకుతూ పోతే ఇంకొందరు దొరికారు. అందరిదీ అదే సిగ్గు, అదే మాట. నాకు ఒళ్లంతా గంతులేసినట్టయింది. ఏ పుస్తకంలోనూ లేనిది, గుమాస్తాకు తెలియనిది, నాకు దొరికింది. రాసుకున్నాను: "మా గల్లీలో కొందరు ఆడవాళ్లు ఏ పనీ లేకుండా బస్సెక్కుతున్నారు."

ప్రాజెక్టంతా ఆ వాక్యం మీదే నిలబడింది. అది పోతే నాకు మిగిలేవి అట్టలే.

బేరం రోజు సార్ దాన్ని తట్టి, పెదవి విరిచారు. "పని లేకుంట ఎవరన్న బస్సెక్కుతరా? చిన్నచిన్న పనులకని రాయి, తీసుకుంట."

"లేదు సార్. పనే లేదు."

"మనశ్శాంతికని రాయి."

"వాళ్లు గట్ల అనలేదు సార్. ఊకెనే అన్నరు."

"గుడికని రాయి బిడ్డా, పరీక్షకొచ్చే పెద్దమనిషి ఖుష్ అయితడు."

"గుడి దగ్గర దిగనే దిగలేదు సార్."

"అయితె మంచిది. ఇంకో దుకాణం చూసుకుంట" అంటూ సార్ బల్ల దిగారు. చెప్పులేసుకున్నారు. తలుపు దాటారు. మా క్లాసు మేడ మీద. మోకాళ్లు పట్టేసి, రోజూ ఒక్కసారి ఎక్కడానికే ఆపసోపాలు పడే మనిషి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పిలువే, మార్కులు పోతయ్" అని నా పక్కనమ్మాయి గిల్లింది. "పిలువు పిలువు, గిరాకీ పోతున్నది" అని వెనక బెంచీలు. నా ప్రాణం గుంజుతోంది. చిన్నచిన్న పనులకని రాస్తే ఏం పోతుంది అనిపించింది. మా అమ్మ ముఖం గుర్తొచ్చింది. పెదవి కొరుక్కుని నిలబడ్డాను.

కింద అటెండర్ అన్న గొంతు, "ఏంది సార్, ఇంటికా?"

"పిలుస్తలేదు భాయ్ ఆ పిల్ల" అన్న సార్ గొంతు.

 తర్వాత కింది నుంచి నవ్వు మొదలైంది. ఆ నవ్వు ఒక్కో మెట్టూ ఎక్కుతూ, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కుతూ వచ్చింది. సార్ తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డారు. చొక్కా తడిసిపోయింది. ఆయాసం ఏదో నవ్వు ఏదో తెలియడం లేదు.

"కట్టియ్" అన్నారు.

ఆ ఒక్క మాటతో వచ్చిన ఊపే నన్ను ఇప్పుడు పీజీ దాకా తోసింది. ఆ రోజు నేను బస్సెక్కి, ఏ పనీ లేకుండా ఆఖరి స్టాపు దాకా పోయి తిరిగొచ్చాను.

సభకు ముందు నేను రాసిన వాక్యాలన్నీ ఆయన బేరంలో పడిపోయాయి. "గొప్ప గురువు" అని రాస్తే "ఏ గజంబద్దతో కొలిచినవ్?" "మాకు తండ్రిలాంటివారు" అని రాస్తే "మీ బాపు వింటే లొల్లి పెడతడు." చివరికి గుమాస్తాను కూడా అడిగాను. ఆయన జ్ఞానజ్యోతి అంది. తప్పు అన్నాను. క్షమాపణ చెప్పింది. గదిలో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుతుంటే మా అమ్మ తొంగిచూసి, సంతాపానికి గిట్లనా తయారయ్యేది అంది.

సభ రోజు హాలు నిండింది. ముందు వరసలో పెద్దసేటు, ముఖం గట్టిగా బిగించుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్ మేడం కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. "బహుముఖ ప్రజ్ఞాశాలి అయిన..."

అంతే. వెనక వరసలో ఆటోల అబ్బాయి ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది. దాన్ని అణచబోయి ఇంకొకడు దగ్గాడు. మేడం ఇంకో రెండు ముక్కలు చదివేసరికి హాలంతా భుజాలు ఊగుతున్నాయి. మేడం మా వైపు కోపంగా చూసి, కాగితం వైపు చూసుకుని, ఏం చదువుతున్నారో అప్పుడు తెలుసుకున్నట్టు ఆగారు. పెదవులు వణికాయి. ఏడుస్తారనుకున్నాం. నవ్వారు.

"సరే. ఆయన పిల్లలే కద మీరు. బేరమాడుండ్రి" అన్నారు.

"వేలాది విద్యార్థులను తీర్చిదిద్దిన" అన్న మాట మీద హాలు విరుచుకుపడింది. వేలాది అంటే ఎవరు చూసిండ్రు అని ఒకరు, వందలన్నా ఎక్కువే అని ఇంకొకరు. దిగి దిగి "ఈ హాల్లో కూర్చున్నవాళ్లను కూర్చోపెట్టి నవ్వించిన" దగ్గర ఆగింది. కట్టియ్, కట్టియ్ అని కేకలు. పెద్దసేటు వెనక్కి తిరిగి ఈ పిచ్చి జనాన్ని చూస్తూ ఉండిపోయారు.

నన్ను పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. లోపలెక్కడో పండగలా ఉంది. ఒక్క వాక్యమే చెప్పాను.

"మోకాళ్లు పట్టేసిన మనిషి, నా ఒక్క వాక్యం కోసం మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చారు."

"పట్టేసినయంటే ఎక్కువైతది" అన్నారు ఎవరో. "జర నొప్పి అను."

"లేదు. పట్టేసినయ్."

"సగం మెట్లే దిగిండ్రేమో."

"కిందిదాక దిగిండ్రు."

"దిగిండ్రు. నాతోని మాట్లాడిండ్రు" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ అన్న.

"చాయ్ కోసం దిగిండ్రనుకో" అన్నాడు ఆటోల అబ్బాయి. నవ్వబోయి తల దించుకున్నాడు.

"చాయ్ తాగలేదు. నా వాక్యం కోసమే ఎక్కి వచ్చిండ్రు" అన్నాను.  ఒక్క ముక్క కూడా తగ్గించలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పెద్దసేటు ముందుకు వంగి, వేలి కణుపుతో కుర్చీ చేతిని ఒకసారి తట్టారు. కళ్లు తుడుచుకున్నారు.

"కట్టియ్ బిడ్డా" అన్నారు.